ఒక్కరికి వండితే ఎందుకు పాడవుతుంది?

[పెనం దగ్గరగా. అడుగున నల్ల మచ్చలు, పైన బంగాళాదుంప ముక్కలు.]

ఇది నిన్న రాత్రి నా ఒక్కడి కోసం వండుకున్న కూర. ముక్క కొరికితే లోపల పచ్చి, అడుగంతా మాడు, పైగా నోట్లో పెట్టలేనంత ఉప్పు. సగం తిని పక్కన పెట్టేశాను. ఇదే కూర నలుగురికి చేసినప్పుడు భేషుగ్గా కుదిరింది. ఈసారి అన్నీ కొలిచి మరీ నాలుగో వంతు వేశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

[బల్ల మీద పక్కపక్కనే రెండు పెనాలు.]

ఇక్కడ. కూర తగ్గించాను గానీ పెనం తగ్గించలేదు. పెద్దది 28 సెంటీమీటర్లు, చిన్నది 14. వెడల్పు సగమైతే అడుగు వైశాల్యం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అంటే నా కూరకి ఈ చిన్నదే సరైన కొలత. నేనేమో పెద్దది కడిగి ఎదురుగా ఉంది కదా అని దాన్నే పెట్టేశాను.

[పెద్ద పెనంలో ఒక కప్పు నీళ్లు మరుగుతుంటాయి.]

చూడండి, నీళ్లు అడుగున పల్చగా పరుచుకున్నాయి. పెనం అదే, మంట అదే అయితే, మరగడం మొదలయ్యాక నిమిషానికి ఇగిరే నీళ్లు దాదాపు అంతే. లోపల ఒక కప్పుందా నాలుగున్నాయా అన్నది దానికి పట్టదు. నాలుగు కప్పులు 20 నిమిషాలు ఆగే చోట ఒక కప్పు 5 నిమిషాల్లో ఖాళీ. బంగాళాదుంప ముక్కకి మాత్రం ఒకరికైనా నలుగురికైనా ఉడకడానికి పట్టే టైం ఒకటే. పచ్చిగా ఉండిపోయింది అందుకే.

ఇక మాడడం. నీళ్లున్నంతసేపు కూర 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అవి అయిపోగానే వేడి ఎగబాకుతుంది. 140 ప్రాంతంలో ముక్కలు బాగా ఎర్రబడి కమ్మటి వాసన వస్తుంది. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ వివరించిన రసాయన చర్య ఇదే. ఆ వేడి ఇంకా పెరిగితే చేదే. చిన్న కూర ఈ మెట్లన్నీ గబగబా ఎక్కేస్తుంది. నేను ఒక్క మెసేజ్‌కి జవాబిచ్చి వచ్చేసరికి పని అయిపోయింది.

[అరచేతిలో ఉప్పు.]

ఉప్పు సంగతి ఇంకా అన్యాయం. నలుగురికి రెండు టీస్పూన్లంటే నాకు అర టీస్పూను. చెయ్యి జారి ఇంకో పావు పడిందనుకోండి. పెద్ద కూరలో అది ఎనిమిదో వంతు ఎక్కువ, ఎవరూ కనిపెట్టరు. నా కూరలో ఏకంగా సగం ఎక్కువ! దానికి తోడు నీళ్లు కూడా ఇగిరిపోయాయాయె.

ఇంకోటి, వండుతూ వండుతూ ఉంటే ఆ వాసనకి ముక్కు అలవాటు పడిపోతుంది. కమ్మదనం మనకే తెలియదు. నలుగురున్నప్పుడు ఎవరో ఒకరు లొట్టలేస్తారు, ఒక్కడికి ఆ భాగ్యం కూడా లేదు. దించాక ఓ ఐదు నిమిషాలు బయటికెళ్లి వస్తే కొంత నయం.

[చిన్న పెనం, మూత, సన్న మంట.]

ఇవాళ మళ్లీ చేశాను. చిన్న పెనం, మూత పెడితే ఆవిరి మళ్లీ లోపలికే కారుతుంది కాబట్టి మూత. ఉప్పు మాత్రం చెంచాతో కాకుండా వేళ్లతో, రెండు విడతలుగా. ఫోన్ పక్క గదిలో.

[చెంచాతో ముక్క విరుస్తాడు. మెత్తగా విడిపోతుంది.]

ఉడికింది. ఉప్పు... కొంచెం తగ్గింది. ఆగండి, ఇంకో చిటికెడు వేస్తాను.