ముట్టిందన్న కబురు: ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుంది?

(హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాలలో 8, 9, 10 తరగతుల విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ ప్రసంగానికి ముందే మీ ప్రశ్నలను చీటీల మీద రాసి ఇవ్వమని అడిగాను. వచ్చిన చీటీలలో ఒకదాన్ని జేబులో పెట్టుకొని వచ్చాను. "మేడారం జాతరకు పోయినప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. అయినా అమ్మకు పంపిన ఫొటో పోలేదు. ఎందుకు?" అని తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు అడిగారు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ చీటీకి జవాబే. కాకపోతే ఆ జవాబు దగ్గరకు సముద్రం అడుగు నుంచి బయలుదేరి, కాజీపేట జంక్షన్ మీదుగా చేరుకోవలసి ఉంటుంది.

మొదట ఒక అపోహను పక్కన పెడదాం. ఇంటర్నెట్ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చాలామంది వేలు పైకెత్తి ఉపగ్రహాలను చూపిస్తారు. నిజానికి ఖండాల మధ్య సాగే సమాచారంలో అత్యధిక భాగం సముద్రం అడుగున పరిచిన కేబుళ్ల గుండానే పోతుంది. మన దేశానికి వచ్చే కేబుళ్లు ప్రధానంగా ముంబైలోను, చెన్నైలోను ఒడ్డెక్కుతాయి. వాటి లోపల ఉండేవి గాజు పోగులు; ఒక్కో పోగులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం మందం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు, అంటే మన తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ఇక్కడి నుంచి హైదరాబాదుకు చేరడానికి దానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అదే కబురు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం దాకా ఎక్కి దిగాలంటే పావు సెకను పడుతుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలతో ఈ ఆలస్యం తగ్గుతుంది గాని, ఇప్పటికీ మోత బరువంతా తీగలదే. 2008 జనవరి చివర ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు అంత దూరంలో ఉన్న మన దేశంలో ఇంటర్నెట్ నెమ్మదించిపోయింది.

మన ఫోన్‌కూ టవర్‌కూ మధ్య ఉన్న కొద్ది దూరం మాత్రమే గాలిలో సాగే ప్రయాణం. ఆ తరువాత చాలా టవర్ల నుంచి కబురు మళ్లీ భూమిలోని గాజు తీగలోకే దిగుతుంది. మన రాష్ట్రంలో టీ-ఫైబర్ పథకం కింద, మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకాలలోనే ఈ తీగలను కూడా పరిచే పని చేపట్టారు. రోడ్డు పనిలో జేసీబీ ఒక్క పోటు పొడిస్తే ఊరంతా ఇంటర్నెట్ ఆగిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ తీగలో పోయేది వెలుగు, ఆ వెలుగుకు తెలుగు రాదు. దానికి తెలిసినవి రెండే: ఉండటం, లేకపోవడం; మన లెక్కలో ఒకటి, సున్నా. అందువల్ల ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో ఒక సంఖ్యను కేటాయించారు. 'వ'కు 3125, 'ర'కు 3120. 'వరంగల్' అన్న మాటలో వ, ర, సున్న, గ, ల, పొల్లు అని ఆరు గుర్తులున్నాయి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు పడతాయి; ఒక ఒకటిని గాని, సున్నాను గాని బిట్ అంటారు, ఎనిమిది బిట్ల కట్ట ఒక బైట్. ఇంగ్లిషు అక్షరాలలో రాస్తే అదే మాటకు 8 బైట్లు చాలు. ఇది మన లిపికి కొంత అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒక్క ఫొటోకు 30 లక్షల బైట్లు ఖర్చు పెడుతున్న మనం, ఈ పది బైట్లు మిగుల్చుకోవడానికి తెలుగును ఇంగ్లిషు అక్షరాలలో రాసుకోనక్కరలేదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ 30 లక్షల బైట్ల ఫొటో ఒక్క మూటగా పోదు. సాధారణంగా 1500 బైట్లకు మించని ముక్కలుగా, అంటే రెండు వేలకు పైగా ముక్కలుగా విడిపోయి బయలుదేరుతుంది. ఈ ముక్కను ప్యాకెట్ అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా ఉంటాయి. ఫొటోలో అది ఎక్కడ అతకాలో తెలిపే వరుస సంఖ్య కూడా ఉంటుంది. ఇలా ముక్కలు చేయడం దేనికి? పాత టెలిఫోన్ పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపు వారి మధ్య మార్గమంతా వారి కోసమే కట్టుబడి ఉండేది. ఇద్దరూ మౌనంగా ఉన్నా మూడోవారికి అందులో చోటు లేదు. ముక్కలుగా పంపితే ఒకే తీగ మీద వేలమంది కబుర్లు ఒకదాని సందులో ఒకటి ఇమిడిపోతాయి. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలో పాల్ బారన్, ఆ తరువాత కొద్ది కాలానికి బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఈ ఆలోచనకు వచ్చారు. ప్యాకెట్ అన్న పేరు డేవిస్ పెట్టినదే.

బారన్ ఆలోచన మనకు సులువుగా అర్థం కావాలంటే మన గొలుసుకట్టు చెరువులను తలచుకోవాలి. కాకతీయుల కాలం నుంచి వస్తున్న ఆ ఏర్పాటులో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. నీటికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. అయితే గొలుసులో ఒక్క కట్ట తెగితే ఆ దిగువన ఉన్న చెరువులన్నిటికీ ముప్పే. కబుర్లకు గొలుసు పనికిరాదని, చేపల వలలాంటి అల్లిక కావాలని బారన్ వాదించారు. వలలో ఒక ముడి తెగినా పక్క ముడి మీదుగా దారి ఉంటుంది. అణుయుద్ధం వచ్చినా సమాచార వ్యవస్థ నిలబడాలన్నది ఆయన లక్ష్యం. దీన్ని బట్టే ఇంటర్నెట్‌ను అణుయుద్ధం కోసం కట్టారని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు, దీనికి ముందు రూపమైన ఆర్పానెట్‌ను కట్టింది ఒక విశ్వవిద్యాలయంలోని కంప్యూటరును మరో చోటి పరిశోధకులు కూడా వాడుకోవడానికి.

ఆ వలలోని ముడిని రౌటర్ అంటారు. మీ ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె కూడా ఒక చిన్న రౌటరే. దాని పని తెలియాలంటే కాజీపేట జంక్షన్‌లో నిలబడి చూడండి. అక్కడి నుంచి ఒక దారి సికింద్రాబాదుకు, ఒకటి బల్లార్షాకు, ఒకటి వరంగల్ మీదుగా విజయవాడకు పోతుంది. ఢిల్లీకి ఎటు పోవాలని ఎవరైనా అడిగితే, బల్లార్షా వైపు బండి ఎక్కమని చెబితే చాలు. చెప్పినవారు నాగపూర్‌ను గాని, భోపాల్‌ను గాని చూసి ఉండనక్కరలేదు. రౌటర్‌కు తెలిసింది కూడా అంతే. ఫలానా చిరునామాకు పోయే ప్యాకెట్‌ను ఏ తీగలోకి వదలాలో తెలుసు; అవతల దారి ఎలా ఉందో తెలియదు. ప్రపంచమంతటి ఇంటర్నెట్ పటం పూర్తిగా ఏ ఒక్క యంత్రం దగ్గరా లేదు. నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైన సంగతి ఇదే.

అన్ని చిరునామాలను రౌటర్ ఎలా గుర్తుపెట్టుకుంటుందన్న సందేహం మీకు రావాలి. ఉత్తరం మీద 506తో మొదలయ్యే పిన్‌కోడ్ చూస్తే, చెన్నైలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి దాన్ని వరంగల్ సంచిలో వేస్తారు. వడ్డేపల్లి ఎక్కడుందో ఆయనకు అనవసరం. ప్యాకెట్ మీద ఉండే అంకెల చిరునామాను ఐపీ చిరునామా అంటారు, అది కూడా అంతే. ముందు అంకెలు ఏ నెట్‌వర్కో చెబుతాయి, చివరి అంకెలు అందులో ఏ యంత్రమో చెబుతాయి. దూరాన ఉన్న రౌటర్ ముందు అంకెలే చూస్తుంది. పాత పద్ధతి చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ జనాభాకే అవి చాలవు. అందుకే నాలుగు రెట్లు పొడవైన కొత్త చిరునామాలు వచ్చాయి.

మనుషులకు అంకెల కంటే పేర్లు సులువు కనుక 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్లను అంకెలుగా మార్చి చెప్పే ఏర్పాటును రూపొందించారు. దాన్ని డీఎన్ఎస్ అంటారు. మన కార్డు మీద మనిషి పేరు, ఊరు, మండలం, జిల్లా రాసి, చివర పిన్‌కోడ్ వేస్తాం. తపాలావారు మాత్రం కింది నుంచి పైకి చదువుతారు. 'తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్' అన్న పేరును డీఎన్ఎస్ కూడా చివరి నుంచే చదువుతుంది: 'ఇన్' అంటే భారతదేశం, అందులో 'గవ్' అంటే ప్రభుత్వం, అందులో తెలంగాణ.

దారి తప్పిన ప్యాకెట్ సంగతేమిటి? ఒక రౌటర్ ఇటు పంపి, మరొకటి అటు పంపి, అది ఎప్పటికీ తిరుగుతూనే ఉండదా? ఉండదు; ఎందుకంటే బయలుదేరేటప్పుడే దాని మీద 64 లాంటి ఒక సంఖ్య వేస్తారు. ప్రతి రౌటర్ అందులోంచి ఒకటి తీసివేస్తుంది. సున్నాకు చేరిన ప్యాకెట్‌ను అక్కడే పారేసి, "మీ ప్యాకెట్ నా దగ్గర ఆగిపోయింది" అన్న కబురును సాధారణంగా పంపినవారికి పంపుతుంది. ఈ చిన్న నియమంతో ఒక గమ్మత్తు చేయవచ్చు. కావాలనే ఆ సంఖ్యను 1గా వేసి పంపితే మొదటి రౌటర్ తన చిరునామాతో కబురు పంపుతుంది. 2గా వేస్తే రెండోది, 3గా వేస్తే మూడోది. ఇలా దారి పొడవునా ఉన్న మజిలీల పేర్లను వాటి చేతనే చెప్పించవచ్చు. ట్రేస్‌రూట్ అనే ఆదేశం చేసేది ఇదే. విండోస్‌లో దాన్ని ట్రేసర్ట్ అని కుదించి రాస్తారు. మీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉపాధ్యాయుల అనుమతితో ఏదైనా వెబ్‌సైటుకు దీన్ని ప్రయోగించి చూడండి. మొదటి వరుసలో మీ పాఠశాల రౌటర్, బహుశా 192.168తో మొదలయ్యే చిరునామాతో కనిపిస్తుంది. కొన్ని వరుసలలో నక్షత్రం గుర్తులే (*) వస్తాయి. అక్కడి రౌటర్ జవాబు ఇవ్వడం లేదని దాని అర్థం.

ఇంతవరకు చెప్పిన దానిలో ఒక లోపం మీరు గమనించారా? దారిలో ఎవరూ దేనికీ హామీ ఇవ్వడం లేదు. రౌటర్ దగ్గర రద్దీ పెరిగి నిలుపుకొనే చోటు నిండిపోతే, కొత్తగా వచ్చిన ప్యాకెట్‌ను అది నిస్సంకోచంగా పారేస్తుంది. ముక్కలు వెనకా ముందూ కావచ్చు. ఇటువంటి నమ్మరాని దారి మీద నమ్మదగిన కబురు ఎలా సాగుతుంది?

దానికి జవాబు మన ఇళ్లలోనే ఉంది. డబ్బు పంపిన మనిషి "ముట్టినయా?" అని అడుగుతాడు. "ముట్టినయి" అన్న మాట వినేదాకా అతని మనసు కుదుటపడదు. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలస్‌లోని విశ్వవిద్యాలయ కంప్యూటరు నుంచి, 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటరుకు ఆర్పానెట్‌లో తొలి సందేశం పంపినప్పుడు జరిగింది కూడా ఇదే. చార్లీ క్లైన్ అనే విద్యార్థి 'లాగిన్' అన్న మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా కొడుతూ, చెవి దగ్గర టెలిఫోన్ పెట్టుకొని అవతలి మనిషిని అడిగారు. ఎల్ ముట్టిందా? ముట్టింది. ఓ ముట్టిందా? ముట్టింది. మూడో అక్షరం జీ దగ్గర అవతలి కంప్యూటర్ మొరాయించింది. గంటసేపటి తరువాత గాని పూర్తి మాట పోలేదు.

తరువాత వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రకటించిన పద్ధతిలో ఈ 'ముట్టిందా, ముట్టింది' అన్న వ్యవహారాన్ని యంత్రాలకే అప్పగించారు. దాన్నే టీసీపీ అంటారు. 1983 జనవరి 1 నుంచి ఆర్పానెట్ అంతా దానికి మారింది. అందుకున్న యంత్రం ఎంతవరకు ముట్టిందో కబురు పంపుతూ ఉంటుంది. ఆ కబురు తగిన సమయంలో రాకపోతే పంపిన యంత్రం అదే ముక్కను మళ్లీ పంపుతుంది. ముక్కలను వరుసలో పేర్చే బాధ్యత అందుకున్నదానిది. అంటే తెలివి రెండు కొనల్లోనే ఉంది, నడుమ దారికి ఏ పూచీ లేదు. వీడియో కాల్ లాంటి వాటికి సాధారణంగా ఈ పద్ధతి వాడరు. పోయిన క్షణపు బొమ్మను మళ్లీ తెప్పించుకొని లాభం లేదు కాబట్టి అక్కడ ముక్క పోతే పోయినట్టే, బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది.

అయితే మళ్లీ పంపడంలో ఒక ప్రమాదం దాగి ఉందని 1986 అక్టోబరులో తెలిసింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం సుమారు 400 గజాలే. సెకనుకు 32 వేల బిట్లు సాగవలసిన ఆ దారిలో వేగం 40 బిట్లకు పడిపోయింది. ఏ తీగా తెగలేదు. రద్దీ వల్ల 'ముట్టింది' అన్న కబురు ఆలస్యమైంది. రాలేదనుకొని ప్రతి యంత్రమూ మళ్లీ పంపింది. దానితో రద్దీ ఇంకా పెరిగింది. ఇరుకు సందులో అందరూ ఒకేసారి హారన్ కొడుతూ ముందుకు దూరితే ఏమవుతుందో అదే అయింది. వాన్ జాకబ్‌సన్ దీనికి 1988లో వివరించిన ఉపాయం చాలా సరళం. మొదట కొన్ని ముక్కలే పంపాలి. అవి ముట్టిన కొద్దీ పెంచాలి. ఒక్కటి పోయిందని తెలిసినా వెంటనే జోరు తగ్గించుకోవాలి. ఈ నియమాన్ని పైనుంచి అమలు చేసే అధికారి ఎవరూ లేరు. ఎవరి యంత్రం దానంతట అదే వెనక్కు తగ్గుతుంది.

ఇప్పుడు జాతర చీటీకి వద్దాం. ఫోన్‌లోని గీతలు టవర్ నుంచి వచ్చే రేడియో తరంగం ఎంత బలంగా వినిపిస్తోందో మాత్రమే చెబుతాయి. ఆ టవర్ దగ్గర మీ వంతు ఎప్పుడు వస్తుందో చెప్పవు. జాతర కోసం తాత్కాలిక టవర్లు పెడతారు గాని, లక్షల మంది చేరే చోట ఒక్కో టవర్ కింద వేల ఫోన్లు అవే తరంగాలను పంచుకోవాలి. మీ ఫొటో తాలూకు ముక్కలు కొన్ని వంతు కోసం ఆగాయి, కొన్ని పోయాయి. 'ముట్టింది' అన్న కబురు రాక మీ ఫోన్ జోరు తగ్గించుకుంది. వాట్సాప్‌లో ఆ ఫొటో పక్కన గడియారం బొమ్మ ఉండి ఉంటుంది; అంటే సర్వర్ నుంచి, అంటే కబుర్లను అందుకొని అవతలివారికి చేరవేసే వాట్సాప్ కంప్యూటరు నుంచి, ముట్టిందన్న కబురు ఇంకా రాలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు పస్రా దాటాక, రద్దీ లేని టవర్ కిందికి వచ్చినప్పుడు, మీరు నిద్రలో ఉండగానే ఆ గడియారం పోయి ఒక టిక్కు పడి ఉంటుంది. అది సర్వర్ చెప్పిన మాట. కాసేపటికి పడిన రెండో టిక్కు అమ్మ ఫోన్ చెప్పిన మాట: ముట్టింది.