మూత్రంలో బ్యాక్టీరియా కనబడితే యాంటీబయాటిక్ వేయాల్సిందేనా?

హోస్ట్: నమస్కారం డాక్టర్ గారూ. అమ్మనో నాన్ననో అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో ఉంచినవాళ్ళకి తరచూ ఒక ఫోన్ వస్తుంటుంది. "యూరిన్ టెస్ట్‌లో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం" అని. ఇంట్లో వాళ్ళకి టెన్షన్.

డాక్టర్: నిజంగా ఇన్‌ఫెక్షనేనా అన్నది ముందు తేలాలండి. అలాంటి చోట్ల ఉండే పెద్దవయసు ఆడవాళ్ళలో 25 నుంచి 50 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. క్యాథెటర్, అంటే మూత్రం బయటికి పోవడానికి వేసే గొట్టం, చాలాకాలంగా ఉంటే దాదాపు అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు.

హోస్ట్: మరి టెస్ట్ ఎందుకు చేస్తారు?

డాక్టర్: మూత్రం వాసన వచ్చిందనో, పెద్దావిడ కాస్త తికమకగా మాట్లాడుతోందనో చేస్తారు. బ్యాక్టీరియా ఎలాగూ కనబడుతుంది, ఇక మందు రాసేస్తారు. ఆ తికమకకి అసలు కారణం నీళ్ళు సరిగా తాగకపోవడమో, మలబద్ధకమో, కొత్తగా వేసిన నిద్రమాత్రో అయ్యుండొచ్చు. దాన్ని ఎవరూ చూడరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

హోస్ట్: పోనీ, అవసరం లేకపోయినా ఒక కోర్సు వేస్తే నష్టమేంటి?

డాక్టర్: కెనడాలో లిండ్సే నికోల్ బృందం 1987లో ఇదే పరీక్షించి చూసింది. సంరక్షణ కేంద్రాల్లో ఉన్న, లక్షణాలు లేని 50 మంది వృద్ధ మహిళల్లో కొందరికి మందు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మందు వాడినవాళ్ళు ఎక్కువకాలం బతికిందీ లేదు, మూత్ర సమస్యలు తగ్గిందీ లేదు. దుష్ప్రభావాలు, మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రం పెరిగాయి. మాత్ర వేసిన ప్రతిసారీ పేగుల్లో ఉన్న బలహీనమైన ఈ.కోలై బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మొండిది మిగిలి పెరుగుతుంది. అక్కడినుంచి సిబ్బంది చేతుల మీదుగా, యూరిన్ బ్యాగుల మీదుగా పక్క మంచానికి చేరుతుంది. రేపు నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు పనిచేయకపోవచ్చు. మెరోపెనెమ్ లాంటి ఇంజెక్షన్ల కోసం ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు.

హోస్ట్: మరి ఎప్పుడు మందు వేయాలి?

డాక్టర్: కొత్తగా మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే టెస్ట్ చేయించాలి. చలిజ్వరం, బీపీ పడిపోవడం ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు, ఆ పరిస్థితిలో యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది. సంరక్షణ కేంద్రాల్లో ఉన్న, ఏ బాధా లేని పెద్దవాళ్ళకి వెతికి వెతికి టెస్ట్ చేయొద్దని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లోనూ ఉంది.

హోస్ట్: హైదరాబాద్‌లో తల్లిదండ్రుల్ని వృద్ధాశ్రమంలో ఉంచి విదేశాల్లో ఉన్నవాళ్ళు ఫోన్లో ఏం అడగాలి?

డాక్టర్: "ఏం బాధ ఉందని టెస్ట్ చేశారు?" అని అడగండి. మందు మొదలుపెట్టే ముందు మూత్రాన్ని కల్చర్‌కి, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే ల్యాబ్ పరీక్షకి పంపారా, రిపోర్ట్ చూశాక మందు మార్చారా అని అడగండి. క్యాథెటర్ ఉంటే, పాతది తీసి కొత్తది వేశాకే శాంపిల్ తీయాలి. పాత గొట్టం లోపల పొరలా పేరుకున్న బ్యాక్టీరియానే రిపోర్ట్‌లో కనబడుతుంది. అన్నిటికంటే ముందు, ఆ క్యాథెటర్ ఇంకా అవసరమా అని అడగండి. చాలామందికి అది వేసిన కారణం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.