పెయింట్ చివరికి: పాత టూ-స్ట్రోక్ బండ్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే, ఆదివారం ఫోన్-ఇన్‌కు స్వాగతం. ఇంటి షెడ్డులో పాత టూ-స్ట్రోక్ బండిని బాగు చేసుకోవడం, దాన్ని మట్టి దారుల్లో నడిచేలా మార్చుకోవడం ఈ రోజు విషయం. హనుమకొండలో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మెకానిక్ మనతో ఉన్నారు. పేరెందుకు, అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు అన్నారు. ఉస్తాద్, నమస్తే.

ఉస్తాద్: నమస్తే మేడం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. పెయింట్ చివరికి. అందరూ ట్యాంకుకు రంగేయించి ఫోటో పెడతారు, ఇంజన్ మాత్రం అట్లనే ఉంటది. ముందు ఇంజన్ సీళ్ళు, తర్వాత బోరు అంటే పిస్టన్ ఆడే గొట్టం, ఆ తర్వాత వైరింగు, బ్రేకులు. రంగు చివరికి.

యాంకర్: మొదటి కాలర్ పరకాల నుంచి. హలో, చెప్పండి.

కాలర్ (పరకాల): హలో మేడం, నమస్తే. ఉస్తాద్ నమస్తే. మా బాపుది యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఉన్నది. 1992 మోడల్. బాపు పోయినంక ఆరేళ్ళు కొట్టంలో పడి ఉండె. దాన్ని తీసి మంచిగ చేయిద్దామని. కొంచెం ఎత్తు చేసి, ముందు మడ్‌గార్డు పైకి పెట్టి, గుండ్ల టైర్లు వేస్తే మా పత్తి చేను దాకా, చెరువు కట్ట మీద నడుస్తదని. అయితే నీలం రంగు వచ్చేది కదా పాత బండ్లకు, ఆ నీలం అచ్చం అట్లనే ఎక్కడ దొరుకుతది ఉస్తాద్?

ఉస్తాద్: రంగు తర్వాత తమ్మీ. బండి నడుస్తుందా?

కాలర్ (పరకాల): నడుస్తది. అంటే నడిచింది. రెండుసార్లు పట్టేసింది.

ఉస్తాద్: ఇంజన్ రెండుసార్లు పట్టేస్తే నన్ను రంగు అడుగుతున్నావు. సరే. ఎక్కడ, ఎట్ల పట్టేసింది?

కాలర్ (పరకాల): మొదటిసారి ఆత్మకూరు దాటినంక. హనుమకొండ వస్తున్నా, అరవై మీద ఉన్నా. ఒక్కసారి బండి బరువైనట్టు అయింది, వెనక చక్రం కర్రుమని పట్టింది. క్లచ్ పట్టుకున్నా కాబట్టి పడలేదు. బోరింగ్ చేయించినం, కొత్త పిస్టన్ వేసినం. పదిహేను రోజులకు మళ్ళీ అదే.

ఉస్తాద్: క్లచ్ పట్టుకున్నావు, మంచి పని చేసినవు. టూ-స్ట్రోక్ బండి నడిపేవాళ్ళ రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీద ఉండాలి. ఇప్పుడు చెప్పు, ప్లగ్ తీసి చూసినవా? ఏ రంగులో ఉంది?

కాలర్ (పరకాల): తెల్లగ. సున్నం పెట్టినట్టు.

ఉస్తాద్: కాఫీపొడి రంగులో ఉండాలి అది. తెల్లగుందంటే గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. ఇంకోటి, యాక్సిలేటర్ వదిలేసినంక బండి వెంటనే నెమ్మదిస్తుందా, లేకపోతే కాసేపు అట్లనే మోగుతదా?

కాలర్ (పరకాల): మోగుతది ఉస్తాద్! మంచిగ పికప్ ఉన్నదనుకున్నా.

ఉస్తాద్: పికప్ కాదు నాయనా, ఎక్కడో గాలి పీలుస్తోంది. విను. ఫోర్-స్ట్రోక్ బండికి కింద ఆయిల్ నిల్వ ఉంటది. దీనికి ఉండదు. పెట్రోలు, ఆయిలు, గాలి మూడూ కలిసి కింద క్రాంక్ గదిలోంచే పైకి పోతయి. ఆ గది సీసాకు బిరడా బిగించినట్టు ఉండాలి. క్రాంకుకు రెండు దిక్కులా రెండు ఆయిల్ సీళ్ళు. ఆరేళ్ళు కొట్టంలో పడి ఉంటే ఆ రబ్బరు ఎండి బిరుసైపోతది. ఎడమ దిక్కు, మ్యాగ్నెట్ అంటే కరెంటు పుట్టించే చక్రం, దాని వెనక సీల్ పోతే గాలి పీలుస్తది. ఆయిల్ అందదు, వేడెక్కుతది, పిస్టన్ ఉబ్బి పట్టేస్తది. కుడి దిక్కు, క్లచ్ దగ్గరి సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుంటది, పొగే పొగ. బోరింగ్ చేయించేటప్పుడు సీళ్ళు మార్చినవా?

కాలర్ (పరకాల): లేదు. లేత్ మిషను ఆయన బోరు కొట్టి ఇచ్చిండు, బావ బిగించిండు. బావ అప్పుడే ఆ ఆయిల్ పంపు కూడా తీసేసిండు. లీకులు ఎక్కువ, అక్కర లేదన్నడు.

ఉస్తాద్: పంపు తీసేసిండా! మరి ఆయిలెట్ల పోస్తున్నవు?

కాలర్ (పరకాల): బంకులో పెట్రోలు పోయించినప్పుడు టూ-టీ ఆయిల్ డబ్బా మూతతో ఒక మూత.

ఉస్తాద్: ఎన్ని లీటర్లకు?

కాలర్ (పరకాల): ఎన్ని పోయిస్తే అన్నిటికి.

ఉస్తాద్: (నవ్వు) అయ్యో బాపు బండీ. మీ బావ మీద నాకు కోపం లేదు, కానీ ఇక దాన్ని ముట్టనియ్యకు. పంపు ఉంటే పంపే చూసుకుంటది, యాక్సిలేటర్ ఎంత తిప్పితే అంత పోస్తది. తీసేసిన తర్వాత కొలత నీ బాధ్యత. కొత్త బోరుకు మొదటి 500 కిలోమీటర్లు లీటరుకు 40 మిల్లీలీటర్లు, తర్వాత 30. పిల్లల దగ్గు మందు సీసా మీద కొలత మూత వస్తది చూడు, పది మిల్లీది. లీటరుకు అవి నాలుగు. అందాజు వద్దు. వేరే డబ్బాలో కలిపి, ఊపి, అప్పుడు ట్యాంకులో పొయ్యి.

కాలర్ (పరకాల): మళ్ళీ పంపు పెట్టించొచ్చా?

ఉస్తాద్: పెట్టించు, అదే మంచిది. కానీ పైపులో గాలి బుడగ లేకుండా ఆయిల్ నింపుకోవాలి. బుడగ ఉంటే అది పోయేదాకా పిస్టన్‌కు ఎండు మేతే. మొదటి ట్యాంకు వరకు పెట్రోల్లో కూడా కొంచెం ఆయిల్ కలుపుకో, భయం ఉండదు.

కాలర్ (పరకాల): సీల్ పోయిందని ఎట్ల తెలుసుకోవాలె? అంతా విప్పాల్నా?

ఉస్తాద్: మంచి ప్రశ్న. విప్పకుండా చూడొచ్చు. కార్బరేటర్, సైలెన్సర్ తీసెయ్యి. ఆ రెండు నోళ్ళకు సైకిల్ ట్యూబు ముక్క వేసి రేకుతో బిగించు. పిస్టన్ కిందికి దించు, సిలిండర్ గోడకు ఉండే కిటికీలు, అంటే పోర్టులు, తెరుచుకోవాలి. ప్లగ్ బొక్కలో పాత ప్లగ్ గుండుకు పైపు అతికించి పెట్టు. దానికి బీపీ మిషను పైపు. డాక్టర్లు చేతికి కట్టి పిసుకుతరు చూడు, అదే. ముల్లు 300 దాకా ఎక్కించు, ఇంజన్లకు మేము గాలి ఒత్తిడి చూసే లెక్కలో ఆరు పీఎస్‌ఐ అంటే దాదాపు అంతే. అక్కడ ఆపి ఐదారు నిమిషాలు చూడు. ముల్లు కదలకపోతే సీసా బిరడా బాగున్నట్టు. దిగిపోతుంటే సబ్బు నీళ్ళు రాసుకుంటూ పో. బేసు గ్యాస్కెట్, కార్బరేటర్ రబ్బరు, మ్యాగ్నెట్ వెనక. ఎక్కడ బుడగలొస్తే అక్కడే దొంగ. పెద్ద కంప్రెసర్ పెట్టకు, ఉన్న సీళ్ళు కూడా ఎగిరిపోతయి.

కాలర్ (పరకాల): బీపీ మిషను మా అవ్వకు ఉన్నది.

ఉస్తాద్: అవ్వను అడిగి తీసుకో. ఇంకోటి, బోరు కొట్టినంక పోర్టుల అంచులు నున్నగ చేసిండా? బోరు కొడితే ఆ కిటికీల అంచు బ్లేడు లెక్క తేలుతది. రింగు పైకి కిందికి పోతుంటే అందులో తట్టుకుంటది. ఎమెరీ పేపర్ వేలికి చుట్టి ఆ అంచులు కొద్దిగ మొద్దుబారేలా రుద్దాలి. వేలు పెట్టి చూడు, గోరు తట్టుకుంటే ఇంకా కాలేదన్నట్టు. లేత్ దగ్గర అడిగి చేయించుకోవాలి, అడగకపోతే చాలామంది చేయరు. పిస్టన్ తల మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపే ఉందా?

కాలర్ (పరకాల): అది చూడలేదు. ఉస్తాద్, మరి పెట్రోలు గురించి, ఇప్పటి పెట్రోలుతో పాత బండ్లు పాడవుతయని...

యాంకర్: లైన్లో ఇంకా నలుగురున్నారు ఉస్తాద్.

ఉస్తాద్: ఒక్క నిమిషం మేడం, ఇది అందరికీ పనికొస్తది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. అది పాత రబ్బరును ఉబ్బిస్తది, గాలిలో తేమను పీలుస్తది. అందుకే పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, కార్బరేటర్ రింగులు కొత్తవి వేసుకోండి. నెల రోజులు బండి తీయకపోతే కార్బరేటర్ ఖాళీ చేసి పెట్టండి. దీనితో మిశ్రమం కూడా కొంచెం పలుచనైతది, కాబట్టి ప్లగ్ రంగు చూసి కార్బరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచుకోవాల్సి రావచ్చు. కానీ నీకు ముందు సీళ్ళు.

కాలర్ (పరకాల): సరే ఉస్తాద్. నీలం రంగు...

యాంకర్: ధన్యవాదాలండి. తర్వాత గోదావరిఖని.

కాలర్ (గోదావరిఖని): సార్, యెజ్డీ. ట్యాంకు లోపలంతా తుప్పు. ఏం పోసి కడగాలె?

ఉస్తాద్: తెల్ల వెనిగర్ నిండా పోసి రెండు రోజులు ఉంచండి. మధ్యలో గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపండి, లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తీయండి. పారబోసి వంట సోడా నీళ్ళతో కడగండి, వెంటనే ఆరబెట్టి లోపల కొంచెం ఆయిల్ తిప్పండి. తడి ఉంచితే సాయంత్రానికి మళ్ళీ ఎర్రగైతది. బొక్కలు ఉన్నయా?

కాలర్ (గోదావరిఖని): కింద ఒకటి. వెల్డింగ్ మా ఇంట్లోనే ఉంది, పెడదామని...

ఉస్తాద్: పెట్టొద్దు! ఖాళీ ట్యాంకు అని అనుకోవద్దు. పెట్రోలు ఆవిరి మిగిలే ఉంటది. నిప్పురవ్వ తగిలితే బాంబే. ట్యాంకు మీద ఇంట్లో వెల్డింగ్ ఎవరూ పెట్టొద్దు. ట్యాంకు పని చేసేవాళ్ళకే ఇవ్వండి.

యాంకర్: జనగామ నుంచి.

కాలర్ (జనగామ): నమస్తే, శామురాయ్ బండి. ఆయిల్ తగ్గించినా పొగ తగ్గట్లే...

ఉస్తాద్: గేర్ ఆయిల్ మట్టం చూడండి. తగ్గుతుంటే కుడి సీల్. ఇందాకే చెప్పిన.

కాలర్ (జనగామ): అదే సార్, నేను అదే...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. కాజీపేట నుంచి మరొకరు.

కాలర్ (కాజీపేట): అన్నా, ఒక దగ్గర అసలైన డర్ట్ బైక్ ఉంది. జపాన్‌ది, పాతది, 250. బాగా తక్కువకు ఇస్తున్నరు. రెస్టోర్ చేస్తే బాగుంటదా?

ఉస్తాద్: కాగితాలు?

కాలర్ (కాజీపేట): కాగితాలు లేవు. తర్వాత చేయిస్తమంటున్నరు.

ఉస్తాద్: తర్వాత ఎవరూ చేయించరు తమ్మీ. అవి మంచి బండ్లే, నేను కాదనను. యమహా 1968లో డీటీ-1 అని 250 సీసీ బండి తెచ్చినంక అమెరికాలో మట్టి దారి మీద ఆ బండ్ల సందడే సందడి. మన దగ్గర మట్టి బండి అని షోరూములో కొనుక్కునే రోజులు అప్పుడు లేవు. అందుకే మట్టి రేసులంటే ఆర్‌ఎక్స్, షోగన్, షావోలిన్ ఇవే మార్చుకున్నరు. బయట నుంచి వచ్చిన బండికి కస్టమ్స్ కాగితం ఉండాలి, ఛాసిస్ నంబరు దానితో సరిపోవాలి. నంబరు మీద గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు కనబడితే ఫోన్ కూడా ఎత్తకు.

కాలర్ (కాజీపేట): నేను రోడ్డు మీద నడపను కదన్నా, మా తోటలో...

ఉస్తాద్: దొంగ బండి తోటలో ఉన్నా దొంగ బండే. తర్వాత.

యాంకర్: హనుమకొండ నుంచి. చెప్పమ్మా.

కాలర్ (హనుమకొండ): నమస్తే ఉస్తాద్ గారు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. మా తాత రాజ్‌దూత్ 175, 1974ది. ఆ బండి మీదే పాల క్యాన్లు వేసుకొని తిరిగేవారట. నాన్న స్క్రాప్‌కు వేద్దామంటున్నారు. నేను మా షెడ్డులో మొదలుపెట్టాను. ఆర్‌సీ పాతది, ఎప్పుడూ రెన్యువల్ చేయలేదు. ఏం చేయాలి?

ఉస్తాద్: స్క్రాప్‌కు వేయనియ్యకు బిడ్డా. ఆ బండికి 50 ఏళ్ళు దాటినయి కదా, 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. వీఏ అక్షరాలతో నంబరు ఇస్తరు. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతది. అయితే దాని మీద రోజూ కాలేజీకి పోవడం కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరుకు, పెట్రోలుకు. రోజూ నడపాలంటే ఆర్టీఓ ఆఫీసులో మామూలు ఆర్‌సీ రెన్యువల్ అడుగు, బండి చూసి ఐదేళ్ళకు ఇస్తరు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకో. వింటేజ్ అయితే ఇంజన్, ఛాసిస్ అసలువే ఉండాలి, ఏదీ మార్చొద్దు.

కాలర్ (హనుమకొండ): ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉస్తాద్: విప్పే ముందు ఫోన్‌తో ఫోటోలు తియ్యి, ప్రతి నట్టు వదులు చేసే ముందు. నట్లు, వాషర్లు పెరుగు డబ్బాల్లో పెట్టి మీద రాయి. ఇంకోటి, పాత బ్రేకు షూల దుమ్ము నోటితో ఊదకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడువు. స్పేర్లకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకరోజు కేటాయించు, పాత ముక్క చేతిలో పట్టుకొని పో, నోటితో చెప్తే వాళ్ళిచ్చింది ఇంటికొచ్చినంక సరిపోదు. తాత ఉన్నరా?

కాలర్ (హనుమకొండ): ఉన్నారు. కుర్చీ వేసుకొని పక్కనే కూర్చుంటారు. నేను రించ్ పట్టుకునే పద్ధతి చూసి తిడతారు.

ఉస్తాద్: ఇంకేం కావాలె. ఆయన తిట్టేవన్నీ రాసుకో.

యాంకర్: ధన్యవాదాలమ్మా. సమయం అయిపోవచ్చింది. చివరి కాల్... పరకాల? ఇందాక మాట్లాడిన వారేనా?

కాలర్ (పరకాల): నేనే మేడం. అర నిమిషం. మీరు చెప్తుంటే మా తమ్ముడితో మ్యాగ్నెట్ కవర్ విప్పించిన. లోపల చక్రం వెనక నల్లగ, తడిగ, జిగటగ ఉన్నది ఉస్తాద్. వేలు పెడితే టూ-టీ వాసన.

ఉస్తాద్: దొరికింది కదా దొంగ. అక్కడ పొడిగ ఉండాలి. ఎడమ సీల్ పోయింది. కిందికి దిగినప్పుడు అక్కడి నుంచే ఆయిల్ తన్నింది, పైకి పోయినప్పుడు అక్కడి నుంచే గాలి పీల్చింది.

కాలర్ (పరకాల): అయితే చక్రం సుత్తితో తట్టి...

ఉస్తాద్: సుత్తి ఇంట్లో పెట్టు! చక్రాన్ని బయటికి లాగే పుల్లర్ వేసి తియ్యి. సుత్తితో కొడితే క్రాంకు వంకరపోతది, అప్పుడు సీల్ ఖర్చు కాదు, ఇంజన్ మొత్తం. పుల్లర్ లేకపోతే షాపుకు రా, నాది ఇస్తా, రెండు రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యి. రెండు సీళ్ళూ మార్చు, ఒక్కటే మార్చకు. బీపీ మిషనుతో చూసినంకనే స్టార్ట్ చెయ్యి.

కాలర్ (పరకాల): రేపే వస్తా ఉస్తాద్. బావను తీసుకురావాల్నా?

ఉస్తాద్: వద్దు.

యాంకర్: (నవ్వు) సమయం ముగిసింది. ఉస్తాద్, ధన్యవాదాలు. వార్తల తర్వాత కలుద్దాం.