ఏ కంప్యూటర్ కొనాలి అని అడిగే ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. గ్రంథాలయ వారోత్సవాల్లో, కంప్యూటర్‌లో పుస్తకాలు కంపోజ్ చేసుకునే ఒక డీటీపీ మనిషిని పిలిచి మాట్లాడమన్నందుకు మాత్రం లైబ్రేరియన్ అమ్మగారికి దండం పెట్టుకుంటున్నాను. ఈ విజయవాడ గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు తిరిగిన ఊరు. 1914లో ఆంధ్రదేశపు మొదటి గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు. ఇక్కడ మైకు ముందు నిలబడితే కాస్త వణుకు పుడుతుంది.

నాకిచ్చిన అంశం ‘ఇంటికీ, పనికీ ఏ కంప్యూటర్?’ విండోసా, మ్యాకా, లైనక్సా అని. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అప్పట్నుంచి గవర్నర్‌పేటలో మా షాపు మెట్లెక్కే ప్రతివాళ్లదీ ఇదే ప్రశ్న. ‘అన్నా, సిస్టం మార్చాల్సిందేనా?’ విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు ఇంటెల్‌దైతే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. అంతకు ముందువి ఎంత బాగా పనిచేస్తున్నా విండోస్ 11 లెక్కలోకి రావు.

నా సలహా గబగబా చెప్పేస్తాను. ట్యాలీ సాఫ్ట్‌వేరులో లెక్కలు రాసుకునే షాపులు, జీఎస్టీ పనులు చేసే ఆఫీసులు వేరే ఆలోచన పెట్టుకోకండి, విండోసే. ట్యాలీ తయారైంది దానికే. పిల్లలు వీడియోలు ఎడిట్ చేస్తారు, చేతిలో ఐఫోను ఉంది, ఖర్చుకి వెనకాడం అంటే మ్యాక్ తీసుకోండి. 2020 నవంబరులో ఎం1 చిప్పు వచ్చిన దగ్గర్నుంచి ఆ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ చాలాసేపు నిలబడుతోంది. అయితే ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొనేటప్పుడే చూసుకోవాలి. ఇంట్లో పాత డబ్బా ఉంది, పారేయబుద్ధి కావడం లేదు అంటే ఉబుంటు లాంటి లైనక్స్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, హార్డ్‌డిస్కు ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. వైఫై అందుతోందా, ప్రింటరు కదులుతోందా, రెండూ చూసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. వెనక వరసలో చెయ్యెత్తిన తమ్ముడూ, గేములంటావు, అంతేగా? దానికీ విండోసే.

అంశం అయిపోయినట్టే. కానీ నేను వచ్చింది దీనికి కాదు. అమ్మగారికి ముందే చెప్పాను, మాస్టారి పుస్తకం సంగతి చెప్పకుండా దిగను అని.

పదిహేనేళ్ల కిందట ఒక రిటైరైన తెలుగు మాస్టారు మా షాపుకి వచ్చారు. చేతిసంచిలో పదకొండు నోటుబుక్కులు. డెల్టా ఊళ్లలో వ్యవసాయదారుల నోట వినిపించే మాటలు ముప్ఫై ఏళ్లపాటు గట్ల మీద కూర్చుని రాసుకున్నారు. కర్రు, మేడి, పలుపు, గుంటక, పన. ఒక్కో మాటకీ అర్థం, ఏ ఊళ్లో విన్నారో ఆ ఊరి పేరు. నేనే కంపోజ్ చేశాను. నాలుగు వందల పేజీలు. మాస్టారు రోజూ సాయంత్రం వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని ప్రూఫులు దిద్దేవారు. ఎర్ర పెన్నుతో వత్తు కింద చిన్న గీత పెట్టి, ‘ఇది ణ వత్తు నాయనా, న వత్తు కాదు’ అనేవారు. ఐదు వందల కాపీలు వేశాం. ఇప్పుడు అంగట్లో ఒక్కటి లేదు.

మాస్టారు పోయాక వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ‘అన్నయ్యా, నాన్న పుస్తకం ఫోన్లో చదువుకునేలా పెడదాం, ఫైలుందా?’ అని. ఉందమ్మా అన్నాను గర్వంగా. అది 2024 ఆగస్టు. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి ఊరి మీదపడింది. సింగ్‌నగర్‌లో మా ఇల్లు కింది వాటా. పాత ఫైళ్ల కోసమే అట్టేపెట్టుకున్న కంప్యూటర్ నీళ్లలో మునిగింది. నాలుగో రోజు తలుపు తీస్తే సీపీయూలో బురద పేరుకుని ఉంది. ఫైళ్ల కాపీ గుంటూరులో మా బావమరిది దగ్గర ఉందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను. బ్రాడీపేట వెళ్లి తెచ్చుకున్నాను కూడా. షాపులో తెరిస్తే పేజీ నిండా డాలరు గుర్తులు, నెత్తిన గీతలున్న ఫ్రెంచి అక్షరాలు, నక్షత్రాలు. ‘పలుపు’ ఎక్కడుందో నాకే తెలియలేదు.

ఎందుకంటే ఆ తెలుగు ఫాంటు సాఫ్ట్‌వేరుకి ఒక తాళం ఉండేది. అగ్గిపెట్టెంత ముక్క, ప్రింటరు పోర్టుకి తగిలించేవాళ్లం. అదీ బుడమేరులోనే పోయింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే పాత వెర్షనుకి తాళం ఇవ్వం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొన్నాను. కొత్తదాంట్లో కోడ్లు మారాయి, వత్తులన్నీ తారుమారు. ఫైలు బతికే ఉంది గానీ అందులో అక్షరం లేదు.

కొంచెం ఓపిక పట్టండి, కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ పాత ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి తెలుగు లేనే లేదు. ఇంగ్లిషు అక్షరాల గూళ్లలో మన తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట ముక్కలుగా పెట్టారు. ఆ ఫాంటు తీసేస్తే వెనకున్న ఇంగ్లిషు బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ అలాకాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షనులోనే తెలుగుకి సొంత గూళ్లు ఇచ్చారు. ‘క’ నంబరు 3093. విండోస్‌లో అదే, మ్యాక్‌లో అదే, లైనక్స్‌లో అదే, మీ జేబులో ఫోన్లోనూ అదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు ఉంది. మేం వాడలేదు. మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, మా చేతులకి పేజ్‌మేకర్ తప్ప తెలియదు. దాని ఆఖరి వెర్షను 7.0 వచ్చిందీ 2001లోనే. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని వేలాడాం. మాస్టారి పుస్తకం నేను కొట్టింది అది వచ్చిన తొమ్మిదేళ్లకి. తెలిసి చేసిన తప్పు, నాదే.

యూనికోడ్ వచ్చేస్తే అన్నీ అయిపోయినట్టూ కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ కొద్దిరోజుల్లో సరిచేసింది. కానీ అయ్యా, అంత పెద్ద కంపెనీ ఫోను బయటికి పంపేముందు ‘జ్ఞానం’ అని రాసి చూసినవాళ్లు ఎవరూ లేరా? మనం అడగాలి. ఏ కంపెనీ అయినా సరే, తెలుగు సరిగా కనపడకపోతే వాళ్లకి రాయాలి, మళ్లీ రాయాలి. అడగనివాళ్ల భాషని ఆఖర్న చూస్తారు.

అందుకని షాపుకి వెళ్లినప్పుడు ర్యామ్ ఎంత అని అడిగే ముందు ఒక పని చేయండి. అక్కడే తెలుగులో నాలుగు వాక్యాలు కొట్టండి. క్షీరం, జ్ఞానం, స్త్రీ, కాత్యాయని, ఇలాంటివి పడేలా. మీ ఫోనుకి పంపుకోండి, పక్కనున్న వేరే కంపెనీ మిషన్‌లో తెరవండి. మూడుచోట్లా ఒకేలా ఉంటే ఏది కొన్నా ఫరవాలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ ఉంది, ఒకసారి చేతికి పడితే మిషన్ మారినా వేళ్లు మారక్కర్లేదు. మండలి, రామభద్ర లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, వాటికి తాళాలు లేవు.

మైకు తీసుకునేలోపు ఒక్కమాట. ఈ హాల్లో కవులున్నారు, పంతుళ్లున్నారు, ప్రెస్సులవాళ్లున్నారు. మీ అందరి ఇళ్లలోనూ సీడీల్లో, పెన్‌డ్రైవుల్లో ఇలాంటి ఫైళ్లు మూలుగుతున్నాయి. నాకు తెలుసు, వాటిల్లో సగం నేనే కొట్టి ఇచ్చాను. ఆ ఫాంట్లు నడిచే కంప్యూటర్ ఇంకా ఒక్కటైనా ఉండగానే తీసుకురండి. వచ్చే శనివారం నుంచి సాయంత్రం నాలుగింటికి ఇదే లైబ్రరీలో కూర్చుంటాను. యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను, పైసా అక్కర్లేదు. మార్చాక వత్తులు అక్కడక్కడా తప్పుతాయి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని అచ్చుపుస్తకంతో సరిచూడాలి. మాస్టారి పుస్తకానికి ఆ పని వాళ్లమ్మాయీ, మా ఆవిడా చేస్తున్నారు. మిగిలిన ఒక్క కాపీ ముందు పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దుతున్నారు. నిన్న రాత్రికి ‘పలుపు’ దాకా వచ్చారు.