అది మాసేనా? కాలువ మొక్కను అక్వేరియంలో వేసే ముందు

[తెరపై: కడప శివార్లలో కె.సి. కాలువ పక్క మడుగు. తెల్లని పళ్లెంలో పచ్చని పోగులు.]

నమస్కారం. ఇలాంటి మడుగులో దొరికిన పచ్చని కుచ్చును జావా మాస్ (అక్వేరియంలో పెంచే, పూలు పూయని చిన్న మొక్క) అనుకుని ఇంటికి తీసుకుపోయేవారు చాలామందే. పళ్లెంలో ఉన్నది మాస్ కాదు, కారా అనే శైవలం (ఆల్గే).

[దగ్గరి దృశ్యం: వేళ్ల మధ్య కాండం.]

నలిపి చూడండి, గరగరమంటుంది. ఇంట్లో మనం పరిచే కడప బండ సున్నపురాయే కదా! ఆ సున్నమే ఇక్కడి నీటిలోనూ కరిగి ఉంటుంది. కారా దాన్ని ఒంటికి పట్టించుకుంటుంది. ఒక చుక్క వెనిగర్ వేయండి, బుడగలు లేస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాడైన వెల్లుల్లి వాసన. ప్రతి కణుపు దగ్గరా సన్నని కొమ్మలు చుట్టూ వలయంగా ఉంటాయి. మాస్‌కు ఈ కణుపులుండవు. తొట్టిలో కారా బతకదని కాదు, కానీ ముట్టుకుంటే విరిగే మొక్కతో ఎవరు వేగుతారు?

[భూతద్దం కింద మాస్ కొమ్మ.]

మాస్‌కు కాండం, దాని మీద పలుచని చిన్న ఆకులు ఉంటాయి. చాలా మాస్‌ల ఆకుల్లో మధ్య ఈనె కనిపిస్తుంది. అయితే ఈనె లేదని తోసిపుచ్చకండి, జావా మాస్‌కే అది సరిగా కనబడదు. ఆకులు రెండే వరుసల్లో ఈకలా పరుచుకుని, ఆకు మొదలు మడతపడి కాండాన్ని పట్టుకుని ఉంటే అది ఫిసిడెన్స్ అనే మాస్. దొరికితే అదృష్టమే! పుస్తకాల్లో కనిపించే ఫాంటినాలిస్ అనే మాస్ చల్లని వాగుల మొక్క, రాయలసీమ ఎండలో దాన్ని వెతకకండి.

[నీటిపై తేలే రిక్సియా.]

ఇక మాస్‌లకు దగ్గరి చుట్టాలైన లివర్‌వర్ట్‌లు. తేలే రిక్సియాకు వేరూ లేదు, ఆకూ లేదు. మిల్లీమీటరు వెడల్పున్న పచ్చని పట్టీ రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతూ పోతుంది. జపాన్‌కు చెందిన అక్వేరియం రూపశిల్పి తకాషి అమానో దీన్ని రాళ్లకు కట్టి నీటి అడుగున పచ్చిక పరిచాక అక్వేరియం లోకంలో దీనికి పేరొచ్చింది. కట్టు వదిలితే మళ్లీ పైకి తేలిపోతుంది. పోగుల మధ్య చిన్న చిన్న తిత్తులు కనిపిస్తే మాత్రం ఆగండి. అది రిక్సియా కాదు, యుట్రిక్యులేరియా. నీటి పురుగులను పట్టి తినే మొక్క కాబట్టి, అప్పుడే పొదిగిన చేపపిల్లలున్న తొట్టిలో వేయవద్దు.

[ఊట పక్కన తడి బండ.]

బండల మీది మాస్‌లలో చాలావరకు నేల మీదివే. నీట ముంచితే కొన్ని వారాల్లో గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే ముందు ఒక సీసాలో వేసి కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలని చోట పెట్టండి. కొత్త పచ్చని కొనలు వస్తేనే తొట్టిలోకి. లంకమల అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ తీయకూడదు, మహానంది కోనేరు జోలికీ పోవద్దు.

సీసాలో ఉన్నన్నాళ్లూ అడుగున ఏం కదులుతుందో రోజూ చూడండి. తూనీగ పిల్ల ఒక్కటి చేరినా, మీ చిన్న చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి.