పనిలో ఉన్న ఎంజైమే ముందు దెబ్బతింటుంది: హెచ్‌ఎన్‌ఈ కథ

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న అణువు పేరు 4-హైడ్రాక్సీనోనెనాల్, క్లుప్తంగా హెచ్‌ఎన్‌ఈ. తొమ్మిది కార్బన్ల ఆల్డిహైడ్, అంటే చివర CHO సమూహం ఉన్న అణువు. దీని పుట్టుకను త్వరగా ముగించి, ప్రోటీన్లను ఇది ఎలా పాడుచేస్తుందో నిదానంగా చూద్దాం.

కణత్వచంలోని అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని తీసుకోండి. అందులో 20 కార్బన్లు, 4 ద్విబంధాలు. రెండు ద్విబంధాల నడుమ ఉన్న కార్బన్ తన హైడ్రోజన్‌ను గట్టిగా పట్టి ఉంచలేదు. ఫ్రీ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణిక) దాన్ని లాగేసుకుంటుంది, ఆ చోట ఆక్సిజన్ చేరుతుంది. అలా ఏర్పడిన పెరాక్సిల్ రాడికల్ పక్క కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇలా గొలుసు సాగుతుంది. చివరికి లిపిడ్ హైడ్రోపెరాక్సైడ్ విరిగినప్పుడు, అరాకిడోనిక్ ఆమ్లం లాంటి ఒమేగా-6 కొవ్వు ఆమ్లాల తోక వైపు నుంచి హెచ్‌ఎన్‌ఈ వస్తుంది.

హైడ్రాక్సిల్ రాడికల్ అనే ఫ్రీ రాడికల్ పుట్టిన చోటే నానోసెకన్లలో అంతమవుతుంది. హెచ్‌ఎన్‌ఈ అలా కాదు. పొర దాటి దూరంలో ఉన్న ప్రోటీన్ దాకా వెళ్లగలదు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే.

ఇప్పుడు కార్బన్లు లెక్కపెట్టండి. ఒకటోది ఆల్డిహైడ్, రెండు మూడు మధ్య ద్విబంధం, నాలుగోదాని మీద హైడ్రాక్సిల్. ఆల్డిహైడ్ ఎలక్ట్రాన్లను తన వైపు గుంజుకోవడం వల్ల మూడో కార్బన్‌కు వాటి కొరత ఏర్పడుతుంది. ప్రోటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు గంధకం వచ్చి అక్కడ అతుక్కుంటుంది. దీన్నే మైకేల్ సంకలనం అంటారు. సిస్టీన్ తర్వాత హిస్టిడిన్, ఆ తర్వాత లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఇలా చిక్కుతాయి. లైసిన్ ఒకటో కార్బన్‌తో షిఫ్ బేస్ (కార్బన్, నత్రజని మధ్య ద్విబంధం) కూడా ఏర్పరుస్తుంది. పరీక్షల్లో షిఫ్ బేస్ ఒక్కటే రాసి ఆగిపోకండి. హెచ్‌ఎన్‌ఈ విషయంలో ప్రధానమైనది మైకేల్ సంకలనమే.

మరి ఏ ప్రోటీన్ ముందు పడిపోతుంది? 1998లో కెన్నెత్ హంఫ్రీస్, లూక్ స్వేడా అనే పరిశోధకులు ఎలుక గుండె మైటోకాండ్రియాతో చేసిన పని దీనికి చక్కని జవాబు. హెచ్‌ఎన్‌ఈ కలిపితే ఆల్ఫా-కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేస్, పైరువేట్ డీహైడ్రోజినేస్ అనే రెండు ఎంజైములు నిష్క్రియమయ్యాయి. రెండింటిలోనూ లైసిన్‌కు తగిలించి ఉన్న లిపోయిక్ ఆమ్లం ఉంటుంది. ఎంజైమ్ ఊరికే ఉన్నప్పుడు దాని రెండు గంధకాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, అప్పుడు హెచ్‌ఎన్‌ఈ వాటి జోలికి రాదు. ఎంజైమ్ పనిలో దిగితే ఆ ముడి విడిపోయి రెండు థయోల్ (గంధకం-హైడ్రోజన్) సమూహాలు బయటపడతాయి. హెచ్‌ఎన్‌ఈ పట్టుకునేది వాటినే. ఏ చురుకుదనం వల్ల ఎంజైమ్ పనిచేస్తోందో, దెబ్బ తగిలేదీ సరిగ్గా అక్కడే! దాంతో ఆహారం నుంచి శక్తిని రాబట్టే క్రెబ్స్ వలయంలో, ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీహెచ్ తయారీ తగ్గి, శ్వాసక్రియ మందగిస్తుంది.

కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. కణంలోని గ్లూటాథయోన్ అనే చిన్న రక్షక అణువు తన సొంత గంధకాన్ని ముందుకు పెట్టి హెచ్‌ఎన్‌ఈని పట్టేస్తుంది. గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేస్ అనే ఎంజైమ్ ఆ పనిని వేగవంతం చేస్తుంది. గ్లూటాథయోన్ నిల్వ తరిగిన కణంలోనే ప్రోటీన్లకు ముప్పు ఎక్కువ.

ప్రయోగశాలలో పనిచేసేవారికి ఒక మాట. మైకేల్ సంకలనం వెనక్కి కూడా జరగగలదు. నమూనాను అలాగే వదిలేస్తే అతుక్కున్న హెచ్‌ఎన్‌ఈ కొంత ఊడిపోవచ్చు. అందుకే విశ్లేషణకు ముందు సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం (రిడక్షన్) చేసి ఆ బంధాన్ని స్థిరపరుస్తారు.