సముద్రంలో ఏ తోక బెస్ట్? ట్యూనా నుంచి సన్‌ఫిష్ దాకా రివ్యూ

హాయ్ ఫ్రెండ్స్! ఈ రోజు రివ్యూకి గాడ్జెట్‌లేమీ లేవు, తోకలే. ఏ తోక తక్కువ శక్తితో ఎక్కువ దూరం తీసుకెళ్తుందో చూద్దాం.

ముందు ట్యూనా. ఇక్కడ పాజ్ చేసి చూడండి, తోక నెలవంకలా ఉంది కదా, నిలువుగా బాగా పొడుగు, వెడల్పు మాత్రం చాలా తక్కువ. తోక మొదలయ్యే చోట ఒళ్లు ఎంత సన్నబడిపోయిందో చూశారా? తోక ఊపిన ప్రతిసారీ దాని కొసల దగ్గర నీళ్లు సుడి తిరుగుతాయి, ఆ సుడులకి పోయేదంతా చేప ఒంట్లో శక్తే. తోక పొడుగ్గా, సన్నగా ఉంటే ఆ దండగ తగ్గుతుంది. గ్లైడర్ విమానాల రెక్కలు అంత పొడుగ్గా ఉండేది కూడా ఇందుకే. దీన్ని కొలిచే లెక్క పేరు ఆస్పెక్ట్ రేషియో, అంటే తోక కొస నుంచి కొసకి ఉన్న దూరాన్ని వర్గం చేసి తోక వైశాల్యంతో భాగించడం. దూర ప్రయాణానికి నా ఓటు దీనికే, డౌటే లేదు.

మరి ఆగి ఉన్న చోటు నుంచి ఒక్కసారిగా దూకాలంటే? అక్కడ గ్రూపర్‌దే పైచేయి. గుండ్రటి వెడల్పాటి తోక కాబట్టి ఒక్క ఊపుకి బోలెడు నీటిని నెట్టేస్తుంది. రాళ్ల చాటున కాపు కాసి వేటాడే చేపకి ఇంకేం కావాలి!

షార్కుల్లో చాలావాటికి తోక పై భాగం పొడుగు, కింది భాగం పొట్టి. వేగంగా ఈదే మాకోకి మాత్రం రెండూ ఇంచుమించు సమానం, అచ్చం ట్యూనాలాగే. థ్రెషర్ షార్క్ తోక దాదాపు ఒంటి పొడవంత ఉంటుంది, దాంతో కొరడాలా కొట్టి చేపల్ని పడేస్తుంది. దీనికి ఈత మార్కులు వేయడం అన్యాయం.

ఇక నా ఫేవరెట్, డాల్ఫిన్. దీని తోక అడ్డంగా ఉంటుంది, పైకీ కిందికీ కొడుతుంది, తోక రెక్కల్లో ఎముకలే ఉండవు. 1936లో జేమ్స్ గ్రే అనే శాస్త్రవేత్త లెక్కేసి, ఆ వేగానికి దీని కండల బలం చాలదే అని తల పట్టుకున్నాడు. దశాబ్దాల పాటు చర్మంలోనే ఏదో మాయ ఉందనుకున్నారు. చివరికి 2014లో ఫ్రాంక్ ఫిష్ (నిజంగా ఆయన ఇంటి పేరే అది!) బృందం డాల్ఫిన్లని గాలి బుడగల తెరలోంచి ఈదించి, తోక వెనక ఆ బుడగలు ఎలా సుడి తిరిగాయో చూసి బలం లెక్కగట్టింది. మాయ లేదు, మంత్రం లేదు, కండలకి ఆ సత్తా ఉంది.

ఆకారం ఒక్కటే చాలదు, ఊపే తీరు కూడా కుదరాలి. సెకనుకి ఎన్నిసార్లు ఊపుతుందో, ఎంత వెడల్పున ఊపుతుందో రెండూ గుణించి వేగంతో భాగించండి. హాయిగా సాగిపోయే చేపలకీ డాల్ఫిన్లకీ ఇది సాధారణంగా 0.2 నుంచి 0.4 మధ్యే వస్తుంది. ఏదైనా మంచి వీడియో దొరికితే మీరే కొలిచి కామెంట్లో పెట్టండి.

చివరగా సన్‌ఫిష్. రెండు టన్నులు దాటి పెరగగలదు, అసలు తోకే లేదు! వెనక ఉన్న ఆ ముడతల అంచు చుక్కానిలా పనికొస్తుంది, ఈదేదంతా పైనా కిందా ఉన్న రెక్కలతోనే. తోకల రివ్యూలో దీనికి సున్నా, గుండె ధైర్యానికి మాత్రం పదికి పది.